సాబోటేజ్

సాబోటేజ్ ఆంగ్లంలో సకర్మక క్రియ. నామవాచకం కూడా ఇదే. పనినో యంత్రాన్నో ప్రయత్నాన్నో కావాలని, చాలావరకు గుట్టుగా, చెడగొట్టడం దీని అర్థం.

ఫ్రెంచ్‌లో ‘సాబో’ అంటే చెక్కబూటు. కార్మికులు ఆ బూట్లను మరమగ్గాల్లోకి విసిరి వాటిని ఆపేశారని, మాట అలా పుట్టిందని బహుళ ప్రచారం. దానికి నాటి ఆధారమేదీ చూపరు. చెప్పేవారిని బట్టి దేశమూ శతాబ్దమూ మారిపోతుంటాయి. 1910 నాటి ఫ్రెంచ్ రైల్వే సమ్మెతో ముడిపెట్టేవారూ ఉన్నారు గానీ, ఆ సమ్మెనాటికే కార్మికులు ఈ మాట వాడుతున్నారు. ‘సాబోటే’ క్రియకు అంతకుముందే ఉన్న అర్థం చెక్కబూట్లతో టకటకా నడవడం, దాన్నుంచి పనిని మొరటుగా, అడ్డదిడ్డంగా చేయడం. పాటను పాడుచేసి వాయించినా ఆ మాటే అనేవారు. ఈ వివరణే ఎక్కువ నమ్మదగ్గది.

1897లో ఫ్రాన్స్‌లోని తులూజ్ కార్మిక మహాసభ ముందు, కావాలని పని చెడగొట్టే ఈ పద్ధతిని పెట్టినవారిలో ముఖ్యుడు ఎమిల్ పూజే. ఆయన తరచు చూపిన ఉదాహరణ గ్లాస్గో రేవు కూలీలది. 1889లో సమ్మె ఓడి వారు తిరిగి పనిలో చేరారు. తమ బదులు దిగిన కొత్తవారి పనిని యజమానులు మెచ్చుకున్నారు కనుక, తామూ అంతే నిదానంగా, అంతే చేతకానట్టు సరుకు మోశారు. కొద్దికాలానికే అడిగిన కూలి దక్కిందని పూజే కథనం. ఇందులో విరిగిన యంత్రం ఒక్కటీ లేదు.

ఆంగ్లంలో క్రియారూపం తొలి వాడుకను కొందరు 1912కు, కొందరు 1918కి చేరుస్తారు. యుద్ధాలతో పేల్చివేత అర్థం పైచేయి అయింది. అయినా 1944లో అమెరికా గూఢచారి సంస్థ ఓఎస్ఎస్ వెలువరించిన కరదీపిక, ప్రతి విషయాన్నీ పెద్ద కమిటీలకు అప్పగించి జాప్యం చేయమని కూడా సలహా ఇచ్చింది. పాత అర్థం అక్కడ చెక్కుచెదరలేదు.

తెలుగు పత్రికలు ‘విద్రోహ చర్య’ అంటాయి, ‘విధ్వంసం’ అనీ రాస్తాయి. రెండింటిలోనూ ఆ నిదానపు పని అర్థం జారిపోతుంది. ‘మోకాలడ్డడం’ బాహాటంగా చేసేది. చాటుగా ‘గండి కొట్టడం’ దీనికి మరింత దగ్గర. చర్చలను, ఒప్పందాలను చెడగొట్టడాన్నీ, చివరికి తన అవకాశాలను తానే చెడగొట్టుకోవడాన్నీ ఆంగ్లంలో ఈ క్రియతో చెబుతారు. పొరపాటున జరిగిన నష్టానికి మాత్రం వాడరు.