మాట ఎటు పోయింది?

మనం తెలుగువాళ్ళం, తెలుగు సినిమాని, మన హాల్లో కూచుని, కింద ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూస్తున్నాం. ఇది వింతగా అనిపించడం మానేసి కూడా కొన్నేళ్ళయింది. నా స్నేహితుల ఇళ్ళల్లో దాదాపు అందరిదీ ఇదే పద్ధతి. ఎందుకని అడిగితే అలవాటైపోయిందంటారు, లేదా ఈకాలం హీరోలు నోట్లో గొణుక్కుంటారని వాళ్ళమీదికి తోసేస్తారు. గొణుగుడు కొంత నిజమే. కానీ అదే సినిమా థియేటర్లో చూసినప్పుడు ప్రతి మాటా వినపడింది కదా!

మా నాన్నకి 73 ఏళ్ళు. తెరమీద పరిగెత్తే ఇంగ్లీషు అక్షరాలు ఆయనకి అందవు. మొదట్లో "ఏమన్నాడమ్మా?" అని అడిగేవారు. పాజ్ చేసి చెప్పేదాన్ని. కొన్నాళ్ళకి అడగడం తగ్గించారు. ఆ తర్వాత సినిమా మొదలైన పావుగంటకి నిద్రొస్తోందని లేచి బాల్కనీలోకి వెళ్ళిపోవడం మొదలైంది. బాల్కనీలో నిద్రపోరు కదా ఎవరూ. సౌండ్‌బార్ కోసం నేను తిరగడం అప్పుడే మొదలుపెట్టాను. తిరుగుతూ, చదువుతూ పోతే తేలిందేమిటంటే, మా హాల్లో మాట మాయమవడం వెనక 90 ఏళ్ళ చరిత్ర ఉంది.

మాట వినపడాలంటే పెద్ద యంత్రమేమీ అక్కర్లేదు. పాతకాలపు టెలిఫోన్ లైను సుమారు 300 నుంచి 3,400 హెర్ట్జ్ దాకా మాత్రమే మోసేది. ఆ ఇరుకుసందులోంచే జనం పెళ్ళి సంబంధాలు ఖాయం చేసుకున్నారు, చావుకబుర్లు విన్నారు. ఇంట్లో రేడియో కూడా అంతే. చెక్కపెట్టె, ముందు గుడ్డ, గుడ్డ వెనక ఒక్కటే స్పీకరు. ఆ స్పీకరు మన మొహంలోకి చూస్తూ ఉండేది. విజయవాడ ఆకాశవాణి 1948లో మొదలైనప్పటినుంచీ నాటకాలకి అంత పేరు రావడానికి కళాకారుల గొంతులు ఒక కారణమైతే, ఆ పెట్టె వైఖరి ఇంకో కారణమేమో అని నాకిప్పుడు అనిపిస్తుంది. మాటకి అడ్డొచ్చేది ఏదీ దాన్లో లేదు. రేడియోలో 'సంక్షిప్త శబ్ద చిత్రం' అని వచ్చేది గుర్తుందా? సినిమా సౌండ్‌ట్రాక్‌ని కుదించి వినిపించేవాళ్ళు. బొమ్మ లేని సినిమా! వంటింట్లో పని చేసుకుంటూ మా అమ్మమ్మ తరం చూసేసిన, అదే, వినేసిన సినిమాలు బోలెడు.

ఇక సినిమాహాలు సంగతి. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చింది. అందులో నటులు సురభి నాటకాలవాళ్ళు, మైకు లేకుండా చివరి వరసకి మాట అందించడం తెలిసినవాళ్ళు. దాదాపు అదే సమయంలో ఇంగ్లండులో అలన్ బ్లూమ్‌లైన్ అనే ఇంజినీరుకి ఇంకో బాధ పట్టుకుంది. తెరమీద మనిషి కుడివైపుంటే గొంతు ఎడమవైపు నుంచి వస్తోందేమిటని. దాన్ని సరిచేయడానికి ఆయన 1931 డిసెంబరులో పెట్టిన పేటెంటు దరఖాస్తే ఇవాళ మనం స్టీరియో అంటున్నదానికి పునాది. రెండు స్పీకర్లు, మధ్యలో ఏమీ లేకపోయినా మధ్యనుంచి వస్తున్నట్టు చెవిని భ్రమింపజేయడం. 1942లో రాడార్ పరీక్షిస్తూ విమానం కూలి ఆయన చనిపోయాడు, 38 ఏళ్ళకే. తన స్టీరియో జనం ఇళ్ళల్లోకి రావడం చూడలేదు.

అమెరికాలో బెల్ ల్యాబ్స్‌వాళ్ళు దీన్ని వేరేగా ఆలోచించారు. 1933 ఏప్రిల్ 27న ఫిలడెల్ఫియాలో ఆర్కెస్ట్రా వాయిస్తుంటే, ఆ సంగీతాన్ని తీగలమీద వాషింగ్టన్‌కి పంపి, అక్కడ హాల్లో జనానికి వినిపించారు. వాడినవి రెండు కాదు, మూడు స్పీకర్లు. పెద్ద హాల్లో రెండే పెడితే మధ్యలో బొక్క పడుతుంది. పైగా ఆ భ్రమ సరిగ్గా నడిమధ్యన కూచున్నవాడికే పనిచేస్తుంది. పక్కకి జరిగితే దగ్గరున్న స్పీకరే మొత్తాన్నీ లాగేసుకుంటుంది. అందుకని మధ్యలో నిజంగానే ఒకటి ఉండాలన్నారు. సినిమావాళ్ళు ఈ మాట విన్నారు. 1940లో డిస్నీ 'ఫాంటాసియా'కి తెర వెనక మూడు చానళ్ళు పెట్టారు. అక్కణ్ణుంచి పెద్ద థియేటర్లలో సంగీతం, చప్పుళ్ళు ఎటుపోయినా, మాట మాత్రం నడిమి స్పీకరులోంచి రావడం స్థిరపడింది.

ఇళ్ళల్లోకి ఆ మూడోది రాలేదు. కారణం సంగీత శాస్త్రమూ కాదు, చెవి శాస్త్రమూ కాదు, గ్రామఫోన్ ప్లేటు! ప్లేటుమీద గాడికి రెండే గోడలు. ఒక గోడకి ఎడమ, ఇంకో గోడకి కుడి. 1958లో స్టీరియో ఎల్పీలు మార్కెట్లోకొచ్చాయి, ప్రపంచమంతా రెండుకి అలవాటుపడిపోయింది. క్యాసెట్టు రెండు, ఎఫ్‌ఎం రెండు, సీడీ రెండు. సూది పట్టే గాడికి రెండు గోడలుండటం వల్ల నడిమి స్పీకరు ముప్ఫై ఏళ్ళ పాటు ఇంటి గడప తొక్కలేదు. 1987లో డాల్బీ ప్రో లాజిక్ వచ్చాకే తొక్కింది.

మన దగ్గర మాత్రం ఆ ముప్ఫై ఏళ్ళూ ఆ లోటు తెలియలేదు. 1975–76లో 'సైట్' ప్రయోగం కింద ఉపగ్రహం ద్వారా ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకి టీవీ వచ్చింది. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ మొదలైంది. ఆనాటి నలుపు-తెలుపు సెట్లు, మన ఈసీఐఎల్‌వాళ్ళ ఈసీ టీవీతో సహా, బరువైన పెట్టెలు. చాలావాటికి తెర పక్కనే, ముందువైపే, స్పీకరు. వీధి వీధంతా వచ్చి కింద కూచున్నా 'రామాయణం' అందరికీ వినపడేది.

మాటమీద మనవాళ్ళకి మోజెంతంటే, సినిమా డైలాగుల్నే ప్లేట్లు కొట్టి అమ్మారు. 'ముత్యాల ముగ్గు' (1975)లో ముళ్ళపూడి రాసి రావు గోపాలరావు పలికిన మాటలూ, 'దాన వీర శూర కర్ణ' (1977)లో కొండవీటి వేంకటకవి రాసి ఎన్టీఆర్ పలికిన మాటలూ పాటల్లాగే ఊరూరా మోగాయి. తెనాలి దగ్గర మా ఊళ్ళో పెళ్ళయినా, వినాయకచవితి పందిరయినా మైకుసెట్టులో అవి పడాల్సిందే అనేవారు నాన్న. మైకుసెట్టు హారన్‌కి బేస్ అన్నది లేదు. కానీ పక్కూరి పొలంలో ఉన్నవాడికి కూడా ప్రతి హల్లూ విడిగా అందేది.

ఈ హల్లులే అసలు కథ. అచ్చులకి బలం ఎక్కువ, తక్కువ పౌనఃపున్యంలో ఉంటాయి. స, ష, త, ట, ఫ లాంటివాటి ఉనికి పైస్థాయిలో, బలం తక్కువ. వయసుతోపాటు చెవి ముందు పోగొట్టుకునేది ఆ పైస్థాయినే. అందుకే పెద్దవాళ్ళు "వినపడుతోంది గానీ అర్థం కావట్లేదు" అంటారు. అది విసుగు కాదు, అక్షరాలా నిజం. వాల్యూమ్ పెంచితే అచ్చులు అరుస్తాయి, హల్లులు అక్కడే ఉంటాయి. ఇప్పుడు పల్చటి టీవీని చూడండి. నాజూకు కోసం స్పీకర్లని కిందికో వెనక్కో తిప్పేశారు. తక్కువ పౌనఃపున్యపు శబ్దం వంగి ముందుకి రాగలదు. పైస్థాయిది టార్చిలైటులాగా తిన్నగా పోతుంది. అంటే మా హాల్లో హల్లులన్నీ గోడకి వినపడుతున్నాయి. నాన్నకి అచ్చులు మిగిలాయి.

దీనికి తోడు సినిమాని థియేటరు కోసం ఐదో ఏడో చానళ్ళలో మిక్స్ చేస్తారు. టీవీ దాన్ని రెండుకి కుదించేటప్పుడు నడిమి చానల్లో ఉన్న మాటని తీసి, బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ మోగుతున్న కుడి ఎడమల్లోనే కలిపేస్తుంది. డప్పుల మధ్య నిలబడి రహస్యం చెప్పినట్టు.

ఈ మధ్యలో 2000ల నాటి 'హోం థియేటర్' యుగం ఒకటి నడిచింది. డబ్బామీద వేలల్లో పీఎంపీవో వాట్లు, లోపల అరచేయంత స్పీకర్లు ఐదు, ఒక బేస్ డబ్బా. వెనక పెట్టాల్సిన రెంటికీ వైర్లు గదికి అడ్డంగా లాగడం అమ్మకి ఇష్టముండదు. అందుకని ఐదింటినీ షోకేసులో టీవీ పక్కన వరసగా పేర్చేవాళ్ళం. బొమ్మల కొలువు! మా చుట్టాల ఇళ్ళల్లో ఒక్కళ్ళు కూడా వెనక పెట్టగా చూడలేదు నేను. సౌండ్‌బార్ అంటే ఆ షోకేసు వరసనే ఒక పొడుగాటి డబ్బాలో పెట్టడం అని ఎవరైనా అంటే నేను కాదనను.

అసలు చరిత్రలో అయితే 1998లో ఆల్టెక్ లాన్సింగ్ కంపెనీ మల్టీచానల్ బార్‌ని మొదట తెచ్చింది. దానికి పెట్టిన పేరు 'వాయిస్ ఆఫ్ ది డిజిటల్ థియేటర్'. ఒకప్పుడు సినిమాహాళ్ళకి అదే పేరుగల కంపెనీ చేసిన 'వాయిస్ ఆఫ్ ది థియేటర్' స్పీకర్లకి వారసత్వమన్నమాట. పేరులో 'గొంతు' ఉంది, గమనించారా? 2004లో యమహా వైఎస్‌పీ-1తో కథ మలుపు తిరిగింది. చిన్న స్పీకర్లని బారులుగా పేర్చి, శబ్దాన్ని కిరణాల్లా గోడలకి కొట్టి, వెనకనుంచి వస్తున్నట్టు అనిపించే విద్య. కేంబ్రిడ్జిలో 1 లిమిటెడ్ అనే చిన్న సంస్థ కనిపెట్టింది దాన్ని. నిజంగా గొప్ప పనే, కానీ అది నాలుగు గోడలున్న గది కోసం. మన ఫ్లాట్లలో హాలుకి ఒకపక్క డైనింగు, ఇంకోపక్క బాల్కనీ అద్దాలు. గోడ లేనిచోట కిరణం ఎక్కడికి తగులుతుంది? 2012లో సినిమాహాళ్ళకొచ్చి, ఇళ్ళకి దిగిన అట్మాస్‌కీ ఇదే చిక్కు. పైకి కొట్టే స్పీకర్లకి సాఫీగా ఉన్న సీలింగు కావాలి. మెట్లు మెట్లుగా, లైట్ల గుంటలతో ఉండే మన ఫాల్స్ సీలింగులు దానికి సరిపడవు.

అందుకే షోరూముల్లో నేను పెట్టుకున్న లెక్క చాలా చిన్నది. డబ్బామీద 2.1, 3.1, 5.1.2 అని ఉంటాయి. మొదటి అంకె చెవి ఎత్తులో వచ్చే చానళ్ళు, రెండోది బేస్ డబ్బా, మూడోది ఉంటే పైనుంచి వచ్చేవి. మొదటి అంకె బేసి అయితే నడిమి చానల్ ఉన్నట్టు. అయితే మీటరు పొడుగు బార్లో నడుమ ఉన్నా పక్కనున్నా దిక్కులో పెద్ద తేడా రాదు కదా అనొచ్చు. నిజమే. లాభం దిక్కులో కాదు: మాట విడి చానల్లో ఉంటే దాన్నొక్కదాన్నే రెండు మూడు మెట్లు పెంచుకోవచ్చు, డప్పుల్ని ఉన్నచోటే ఉంచి. మేం చివరికి 3.1 తీసుకున్నాం.

షోరూములో కుర్రాడు మాత్రం పేలుళ్ళే వినిపిస్తాడు. "మేడమ్, బేస్ చూడండి" అంటాడు. నేను ఫోన్లో ఒక కోర్టు సీను తీసుకెళ్ళాను. సౌండు బాగా తగ్గించి అది పెట్టమంటే విడ్డూరంగా చూశాడు. నాన్నని ఎదురుగా కాకుండా పక్కన స్టూలుమీద కూచోబెట్టాను, ఇంట్లో ఆయన పడక్కుర్చీ ఉండేది అటే కాబట్టి. ఏ బార్‌తో ఆయన "ఏమన్నాడు" అనలేదో అదే మాది. చెవి పరీక్ష కూడా అదే నెలలో చేయించాం. బార్ ఉంది కదాని అది మానేయకూడదు.

ఇంటికొచ్చాక పనంతా సెట్టింగుల్లో ఉంది. టీవీ వెనక హెచ్‌డీఎంఐ రంధ్రాల్లో ఒక్కదానికే 'ఆర్క్' లేదా 'ఈ-ఆర్క్' అని రాసుంటుంది, తీగ అందులోనే పోవాలి. 2009లో వచ్చిన ఈ ఏర్పాటు వల్ల టీవీనుంచి శబ్దం వెనక్కి బార్‌కి వస్తుంది, టీవీ రిమోట్‌తోనే వాల్యూమ్ తగ్గుతుంది. పెద్దవాళ్ళున్న ఇంట్లో రెండో రిమోట్ లేకపోవడం చిన్న సంగతి కాదు. టీవీ సొంత స్పీకర్లు ఆపేయాలి. డిజిటల్ ఆడియో అనేచోట 'పీసీఎం' ఉంటే తీసి 'ఆటో'నో 'పాస్‌త్రూ'నో పెట్టాలి. చాలా టీవీలు పీసీఎంలో చానళ్ళన్నింటినీ రెండుకి కుదించి పంపుతాయి. గ్రామఫోన్ గాడి మళ్ళీ వచ్చి కూచుంటుంది, 3.1కి పెట్టిన డబ్బు దండగ. బార్‌ని అలమరాలో లోపలికి తోయకుండా, బల్ల అంచుదాకా ముందుకి లాగాలి. బేస్ డబ్బాని మూలకి నెడితే గుమగుమలు పెరుగుతాయి, అవి శ్లాబులోంచి కింది ఫ్లాటుకీ దిగుతాయి. మాది గోడకి రెండడుగుల దూరంలో, సౌండు సగానికి తగ్గించి ఉంది.

పెదాలకీ మాటకీ పొత్తు కుదరకపోతే 'డిలే' సవరించాలి. ఇందులో ఒక తమాషా ఉంది. మాట బొమ్మకన్నా 45 మిల్లీసెకన్లు ముందొస్తే మనం పట్టేస్తాం, వెనకొస్తే మాత్రం 125 దాకా ఓర్చుకుంటాం. చెరువు అవతలి గట్టున ఎవరో బట్టలుతుకుతుంటే దెబ్బ ముందు కనపడి, చప్పుడు తర్వాతే వస్తుంది కదా. ఎప్పుడూ అలా చూసిన మనకి, తిరగబడితే ఒళ్ళు జలదరిస్తుంది.

ఇక పాత సినిమాలు. వాటిది మోనో, అంటే కుడి ఎడమల్లో వచ్చేది ఒకటే శబ్దం. మామూలు మోడ్‌లో బార్ దాన్ని రెండుపక్కలా వాయిస్తుంది. 'సరౌండ్' మోడ్ పెడితే, రెండుపక్కలా ఒకేలా ఉన్నదాన్ని వెతికి నడిమి స్పీకరుకి పంపుతుంది. మొన్న ఆదివారం 'దాన వీర శూర కర్ణ' పెట్టి, బార్ దగ్గర చెవిపెట్టి చూశాను. కుడి ఎడమలు దాదాపు నిశ్శబ్దం. నడుమ ఒక్క స్పీకరే, ముందుకి తిరిగి, మాట్లాడుతోంది. నాన్న సీను కంటే అర సెకను ముందే డైలాగు అందుకుంటున్నారు.