చీజ్ బోర్డు పెడుతున్నారా? ముందు లేబుల్ చదవండి

ఐర్లాండ్‌లో డిసెంబరు వచ్చిందంటే ప్రతి సూపర్‌మార్కెట్‌లోనూ చీజ్ ముక్కలు, సలామీ ప్యాకెట్లు, క్రాకర్లు, అంజీరలు ఒకే చోట పేర్చి పెడతారు. వాటిని చెక్క పలక మీద సర్ది, వైన్‌తో పాటు మధ్యలో పెట్టుకుని కబుర్లు చెప్పుకోవడం ఇక్కడి పద్ధతి. దీన్నే షార్కూటరీ బోర్డు అంటారు. మేం కార్క్‌లో స్థిరపడ్డాక మా ఇంట్లోనూ మొదలైంది. అందరూ హాల్లో నవ్వుకుంటుంటే నేను వంటింట్లో బజ్జీలు వేస్తూ నిలబడక్కర్లేదు. నాకు ముందు నచ్చింది అదే.

కానీ మొదటిసారే పొరపాటు చేశాను. మా వీధిలో ఉండే అక్క పుట్టు శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. ఆవిడ కోసం మాంసం పక్కన పెట్టేసి, "అక్కా, ఇదంతా వెజ్జే, నిశ్చింతగా తినండి" అని పార్మెజాన్ ముక్కలు నేనే వడ్డించాను. వారం తర్వాత ఇంకేదో వెతుకుతుంటే తెలిసింది, అసలైన పార్మిజానో రెజ్జానో దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తోనే చేయాలని ఇటలీ వాళ్ళ నిబంధన ఉందని. వెళ్ళి చెప్పాను. ఆవిడ కోప్పడలేదు గానీ, "నువ్వు సైన్సు చదివినదానివి కదమ్మా, నిన్ను నమ్మి తిన్నాను" అంది. ఆ మాట ఇప్పటికీ గుర్తుంది. అందుకే అందంగా సర్దడం గురించి కాకుండా, ఎవరికి ఏం పెట్టొచ్చు, ఏం పెట్టకూడదు అన్నదాని గురించి ముందు రాస్తున్నాను.

శాకాహారులకు: రెన్నెట్ సంగతి

పనీర్ చేయాలంటే మనం పాలలో నిమ్మరసం పిండుతాం. చాలా చీజ్‌లకు పాలు పేరుకునేది రెన్నెట్ అనే ఎంజైముల మిశ్రమంతో. పాలలోని కేసీన్ రేణువులు ఒకదానికొకటి అంటుకోకుండా కాపాడే భాగాన్ని ఇందులోని కైమోసిన్ కత్తిరిస్తుంది. దాంతో పాలు గడ్డగా పేరుకుంటాయి. పాలు తాగే దూడ కడుపులో జరిగేది ఇదే. అందుకే పాత కాలం నుంచి దాన్ని దూడ కడుపు పొర నుంచే తీసేవారు. ఇప్పుడు బూజు జాతి సూక్ష్మజీవుల నుంచి వచ్చే రెన్నెట్, మొక్కల రెన్నెట్ కూడా వాడుతున్నారు.

రెన్నెట్ ఎక్కడిదో ప్రతి ప్యాకెట్ మీదా రాయరు. కాబట్టి "సూటబుల్ ఫర్ వెజిటేరియన్స్" అని ఉన్నదే కొనండి. లేకపోతే దుకాణంలో అడగండి. పార్మిజానో, గ్రానా పడానో, స్విస్ గ్రుయెర్ మూడింటినీ శాకాహారుల పళ్ళెంలో పెట్టకండి. ఇక్కడి సూపర్‌మార్కెట్లలో శాకాహార గుర్తు ఉన్న చెడార్ సులువుగా దొరుకుతుంది. టిప్పరరీలో గ్రబ్ కుటుంబం 1984 నుంచి చేస్తున్న క్యాషెల్ బ్లూ కూడా శాకాహార రెన్నెట్‌తో చేసినదే.

వైన్‌కీ ఇదే చిక్కు. వైన్‌ను తేటపరచడానికి కొందరు గుడ్డులోని తెల్లసొన, పాల కేసీన్, చేప గాలితిత్తి నుంచి తీసే ఐసింగ్లాస్ వాడతారు. గుడ్డు, పాలు మిగిలి ఉంటే లేబుల్ మీద రాయాలి. ఐసింగ్లాస్‌కు మాత్రం యూరప్ చట్టంలో మినహాయింపు ఉంది. పట్టింపు ఉన్నవారికి "వీగన్" అని ఉన్న సీసా తెస్తే ఏ గొడవా లేదు.

మాంసం: ఏది దేనిది?

షార్కూటరీ అన్న ఫ్రెంచి మాటకు మూలార్థం వండిన మాంసం. ఆ దుకాణాల్లో ముఖ్యంగా పంది మాంసంతో చేసినవే అమ్మేవారు. మన ఇళ్ళల్లో ఒకరు బీఫ్ తినరు, ఒకరు పోర్క్ తినరు, కొందరు రెండూ తినరు. అందుకని ఇవి గుర్తుపెట్టుకోండి:

- ప్రోషూటో, హామ్, చోరిసో సాధారణంగా పంది మాంసం.
- బ్రెసావోలా గొడ్డు మాంసం. పాస్ట్రామీ కూడా ఎక్కువగా అదే.
- సలామీ, పెప్పరోనీల్లో రెండూ కలిసి ఉండొచ్చు. లోపల పోర్క్ అయినా పైతొడుగు "బీఫ్ కొలాజెన్" అని సన్న అక్షరాల్లో ఉండొచ్చు.
- కార్క్‌లో క్రిస్మస్‌కు తినే స్పైస్డ్ బీఫ్‌కు లవంగాల వాసన వస్తుంది. మన మసాలా అనుకుని పొరబడేరు.

రెండూ తినని మాంసాహారులకు ఐర్లాండ్‌లో చక్కని దారి ఉంది: స్మోక్డ్ సామన్. పొగబెట్టిన ఈ చేపను పల్చని పొరలుగా కోసి, పక్కన నిమ్మ చెక్క, సోడా బ్రెడ్ పెడితే చాలు. మా ఇంట్లో ముందు ఖాళీ అయ్యేది అదే.

శాకాహారం, చేపలు, మాంసం మూడింటికీ వేర్వేరు పలకలు, వేర్వేరు చాకులు పెట్టండి. ఒకే పలక మీద అన్నీ సర్దితే ఫొటోకు బాగుంటుంది గానీ, సలామీ నూనె పక్కనున్న చీజ్‌కు అంటుతుంది.

కడుపుతో ఉన్నవాళ్ళు, పిల్లలు

నేను చదివింది మైక్రోబయాలజీ కాబట్టి ఇది కాస్త గట్టిగానే చెబుతాను. లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఫ్రిజ్ చల్లదనంలోనూ పెరుగుతుంది. కడుపుతో ఉన్నవాళ్ళకు దీనివల్ల గర్భస్రావం అయ్యే ప్రమాదం ఉంది. వాళ్ళకి బ్రీ, కమాంబేర్ లాంటి బూజు పట్టించిన మెత్తని చీజ్‌లు, మెత్తని బ్లూ చీజ్‌లు, కాచని పాలతో చేసినవి, వండని స్మోక్డ్ సామన్, వండని సలామీ పెట్టకండి. పాశ్చరైజ్ చేసిన పాలతో చేసిన గట్టి చెడార్ ఫరవాలేదు. వైన్ అసలే వద్దు. "ఒక్క గుక్కకి ఏమవుతుందిలే" అని బలవంతం చేయకండి. చాలామంది మొదటి మూడు నెలలు విషయం బయటికి చెప్పరు. ఎవరైనా వద్దంటే కారణం అడగకుండా ఆపిల్ రసం గ్లాసు అందించండి.

ఏడాది నిండని పాపలకు తేనె తగలనివ్వకండి. ఐదేళ్ళలోపు పిల్లలకు ద్రాక్షపళ్ళు నిలువుగా నాలుగు ముక్కలు చేసి ఇవ్వండి. జీడిపప్పు, బాదం పలుకులు వాళ్ళ చేతికి అందకూడదు.

ఏం కొనాలి, ఎంత కొనాలి?

తర్వాత భోజనం ఉంటే మనిషికి 50 నుంచి 60 గ్రాముల చీజ్, మాంసం తినేవారికి మరో 40 నుంచి 50 గ్రాములు సరిపోతుంది. ఎనిమిది మందికి అర కిలో చీజ్ అన్నమాట. మూడు రకాలు చాలు: ఒకటి గట్టిది, ఒకటి మెత్తనిది, ఒకటి బ్లూ.

దూరం నుంచి వచ్చినవే గొప్ప అనుకోనక్కర్లేదు. కౌంటీ కార్క్ పడమటి వైపు పల్లెల్లో 1970ల చివరి నుంచి రైతు కుటుంబాలు సొంత చీజ్ చేయడం మొదలుపెట్టాయి. బేరా ద్వీపకల్పంలో వెరోనికా స్టీల్ చేసిన మిలీన్స్, ఆ తర్వాత డరస్, గబీన్ అలా వచ్చినవే. 1788లో మొదలైన కార్క్ ఇంగ్లిష్ మార్కెట్‌కు వెళ్తే కొనే ముందు చిన్న ముక్క రుచి చూపిస్తారు. రెన్నెట్ గురించి, పాలు కాచారా లేదా అన్నదాని గురించి అడిగితే విసుక్కోకుండా చెబుతారు.

చీజ్‌ను వడ్డించడానికి ముప్పావు గంట ముందు ఫ్రిజ్‌లోంచి తీయండి. చల్లగా ఉంటే కొవ్వు బిగుసుకుని వాసన, రుచి బయటికి రావు. మాంసం, చేప మాత్రం చివర్లో తీయండి. రెండు గంటల్లోపు మిగిలినవన్నీ తిరిగి ఫ్రిజ్‌లోకి వెళ్ళాలి.

మన పచ్చళ్ళ డబ్బా కూడా తెరవండి

చీజ్ పక్కన ఇక్కడివాళ్ళు తియ్యని చట్నీ పెడతారు. చెడార్ పక్కన మన బెల్లం వేసిన అల్లం పచ్చడి పెట్టి చూడండి. మేక పాల చీజ్ మీద చిటికెడు గోంగూర పచ్చడి ఎంత బాగుంటుందో! క్రాకర్లకు బదులు పప్పు చెక్కలు పనికొస్తాయి. గోధుమ పడని కోలియాక్ స్నేహితులు ఐర్లాండ్‌లో ఒకరైనా తారసపడతారు. బియ్యప్పిండి చెక్కలు వాళ్ళకి మంచిదే, కానీ చాలా ఇంగువ డబ్బాల్లో మైదా కలుపుతారు. వాళ్ళ కోసమైతే ఇంగువ మానేయండి. బయట కొన్న చెక్కలైతే ప్యాకెట్ చదవండి.

ఆవకాయతో జాగ్రత్త. మిరప మంట పుట్టించే నాడీ గ్రాహకాన్నే ఆల్కహాల్ కూడా రెచ్చగొడుతుంది. కారం, ఘాటైన రెడ్ వైన్ కలిస్తే నోరు భగ్గుమంటుంది. కారం ఉన్న చోట ఆల్కహాల్ తక్కువగా, కాస్త తియ్యగా ఉండే రీస్లింగ్ నయం. వగరుగా ఉండే రెడ్ వైన్‌కు గట్టి చెడార్ జత. చీజ్‌లోని ప్రొటీన్, కొవ్వు ఆ వగరును పట్టుకుని మెత్తబరుస్తాయి. ఉప్పగా ఉండే బ్లూ చీజ్‌కు తియ్యని వైన్ బాగుంటుంది.

ఇంటికి ఎలా వెళ్తారు?

ఇక్కడ ఒక "స్టాండర్డ్ డ్రింక్" అంటే 10 గ్రాముల ఆల్కహాల్. 12.5 శాతం వైన్ 100 మిల్లీలీటర్లలో సుమారు అంత ఉంటుంది. సీసా మొత్తం ఏడు పైచిలుకు. పెద్ద గ్లాసులో ఉదారంగా పోస్తే ఒక్క గ్లాసే రెండు డ్రింకులకు దగ్గరవుతుంది. శరీరం గంటకు సుమారు ఒకటే అరిగించుకుంటుంది. కాఫీ తాగినా, చన్నీళ్ళు పోసుకున్నా తొందరపడదు. రాత్రి ఆలస్యంగా తాగి పొద్దున్నే పిల్లల్ని దింపడానికి కారెక్కేవాళ్ళు ఇది లెక్క వేసుకోవాలి.

డ్రైవింగ్‌కు చట్టపరమైన హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాములు. లెర్నర్లకు, "ఎన్" పలక తగిలించుకున్న కొత్త డ్రైవర్లకు, టాక్సీ, బస్సు నడిపేవారికి 20 మాత్రమే. మన దేశం లైసెన్సు ఇక్కడ నేరుగా మార్చుకునే వీలు లేదు కాబట్టి, ఇండియాలో పదేళ్ళు కారు నడిపినవాళ్ళు కూడా ఇక్కడ లైసెన్సు వచ్చాక రెండేళ్ళు ఆ 20 కిందే ఉంటారు. నడిపేవాళ్ళకి ఒక్క గ్లాసు కూడా పోయకండి. భోజనం కూడా పెట్టి, ఎవరు ఎవరి కారులో వెళ్తారో ముందే మాట్లాడుకోండి.

చివరిగా ఒక చీటీ

ఇప్పుడు మా ఇంట్లో ప్రతి రకం పక్కనా చిన్న చీటీ ఉంటుంది: పేరు, ఏ పాలు లేదా ఏ మాంసం, రెన్నెట్ ఎలాంటిది. పెద్దవాళ్ళు వస్తే తెలుగులో రాస్తాను. ప్యాకెట్ల అట్టలు కూడా పార్టీ అయ్యేదాకా పారేయను, ఎవరైనా అడిగితే చూపించడానికి.

కిందటి క్రిస్మస్‌కు ఆ అక్క మళ్ళీ వచ్చింది. చీటీలన్నీ ఓపిగ్గా చదివి, చెడార్ ముక్క మీద అల్లం పచ్చడి రాసుకుని, నన్ను ఏమీ అడగకుండానే తినేసింది.