మోటార్లు పెరిగాయి, మర్యాద తరిగింది

రోడ్డు మర్యాద మోటారు కారుతో పుట్టినది కాదు. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్ తయారైనప్పుడు మన దేశంలో మోటారు కారే లేదు. అయినా అందులోని 279వ సెక్షన్, బాటపై ఇతరులకు ప్రాణాపాయం కలిగేలా బండి తోలినా, గుర్రపు స్వారీ చేసినా ఆరు నెలల వరకు ఖైదు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ అన్నది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 281వ సెక్షన్ అయింది. జరిమానా మాత్రం అదే వెయ్యి! ఆనాడు అది గుమస్తా ఏళ్ళ తరబడి కూడబెట్టవలసిన సొమ్ము. నేడు మోటారు సైకిల్ ట్యాంకు నింపడానికి చాలదు.

మన గజపతినగరం విజయనగరం నుంచి సాలూరు మీదుగా రాయపూర్ వెళ్ళే రోడ్డుపై ఉంది. మొదట ఇది 43వ నంబరు జాతీయ రహదారి. 2010లో నంబర్లు మార్చాక 26 అయింది. నా చిన్నతనంలో ఈ రోడ్డుపై ఎడ్లబళ్ళే ఎక్కువ. రాత్రివేళ ఇరుసు కింద లాంతరు వేలాడేది. వెనక వచ్చేవాడికి తాను కనబడాలన్నదే ఆ బండివాని నాగరికత.

తరువాత లారీల కాలం వచ్చింది. లారీలకు పేరుపడ్డ సాలూరు మనకు దగ్గరే. ఘాట్ రోడ్డుపై దిగే బండి ఆగి ఎక్కే బండికి దారి ఇచ్చేది. ఎందుకని అడిగితే ఒక ముసలి డ్రైవరు, "ఎక్కేవోడు ఆగితే మళ్ళీ కదలడం కష్టం బాబూ, మనమే ఆగాల" అన్నాడు. 1989 నాటి రోడ్డు నియమాలలో సరిగ్గా ఇదే రాసి ఉంది. అతను వాటిని చదివి ఉండడు.

చట్టాలకు లోటు లేదు. 1914లో, 1939లో, 1988లో మోటారు వాహన చట్టాలు వచ్చాయి. 2019 సవరణతో అంబులెన్సుకు దారి ఇవ్వనివారికి పదివేల రూపాయల జరిమానా పెట్టారు. ఒకప్పుడు మనిషి తనంతట తాను చేసిన పనికి జరిమానా పెట్టవలసి రావడమే మన కాలపు చరిత్ర.

పింఛను పనిమీద బ్యాంకుకు వెళ్తూ రోడ్డు దాటుతున్న మా తోటి ఉద్యోగిని కొన్నేళ్ళ క్రితం మోటారు సైకిల్ పడగొట్టింది. తోలినవాడు వెనుదిరిగి చూడలేదు. చుట్టూ చేరినవారు పోలీసు కేసులో ఇరుక్కుంటామని చాలాసేపు ముట్టుకోలేదు. తుంటి విరిగిన ఆయన మళ్ళీ కర్ర లేకుండా నడవలేదు.

ఆ భయం ఇక అక్కరలేదు. క్షతగాత్రులకు సాయపడేవారిని వేధించరాదన్న మార్గదర్శకాలను 2016 మార్చి 30న సుప్రీంకోర్టు ఆమోదించింది. 2019 సవరణలో 134-ఎ సెక్షన్ ద్వారా అది చట్టమే అయింది. పేరు చెప్పమని వారిని బలవంతపెట్టరాదు. గుద్ది పారిపోయిన వాహనం ఆచూకీ తెలియకపోతే ఇచ్చే పరిహారం మరణానికి 1988 చట్టంలో 8,500 రూపాయలు, 1994లో 25,000, 2022 ఏప్రిల్ 1 నుంచి 2 లక్షలు. తీవ్ర గాయానికి 50 వేలు. ఈ సంగతి తెలియక అర్జీ పెట్టని కుటుంబాలు ఉండకూడదు.

సభ్యులకు నా మనవి ఒక్కటే. కొత్త బండి తాళం మనవడి చేతికి ఇచ్చేటప్పుడు లైసెన్సు, హెల్మెట్ ఉన్నాయో లేదో చూడండి. రోడ్డు దాటే ముసలివాడు కనబడితే హారన్ కొట్టవద్దని, బ్రేకు వేయమని చెప్పండి. ఆ ముసలివాడు ఎవరో ఒకరి తాత.