మత్తు దిగలేదనుకుంటే...

కర్ణాటకలో 2007 జులై నుంచి సారా నిషేధించారు. మరుసటి ఏడు మే నెలలో బెంగళూరు చుట్టుపక్కల, కోలారు, సరిహద్దుకు ఇవతల కృష్ణగిరి జిల్లాల్లో కల్తీసారా 100 మందికి పైగా ప్రాణాలు తీసింది. 2024 జూన్‌లో తమిళనాడులోని కళ్ళకురిచ్చిలో 60 మందికి పైగా పోయారు.

ఇలాంటి సారాలో ప్రాణం తీసేది మిథనాల్. రుచిని బట్టీ వాసనను బట్టీ దాన్ని పోల్చలేం. తాగగానే మామూలు మత్తే. సాధారణంగా 12 నుంచి 24 గంటల్లో అది ఒంట్లో ఫార్మిక్ ఆమ్లంగా మారి, కంటినరాన్ని దెబ్బతీస్తుంది. తలనొప్పి, వాంతులు చూసి "రాత్రి మత్తు దిగలేదు, మజ్జిగ తాగి పడుకుంటే సరి" అనుకోవడమే అసలు ప్రమాదం. మజ్జిగకూ నిమ్మరసానికీ ఈ విషం విరగదు. చూపు మసకబారిందంటే పడుకోనివ్వకండి. భయమూ సిగ్గూ వదిలి వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. వేళకు చేరిస్తే దీనికి విరుగుడు ఉంది.