ఉజ్బెక్ సాహిత్యము – విశ్వసాహిత్యము – మన తెలుగు

ఒక భాషలోని సాహిత్యము విశ్వసాహిత్యములో చేరినదని ఎప్పుడు చెప్పవచ్చును? ఆ భాషలోని గ్రంథములు ఇంగ్లీషులోనికో, రష్యనులోనికో అనువాదమైనప్పుడే యని సాధారణముగా తలంతుము. కాని చరిత్రను పరిశీలించినచో అంతకుముందే జరుగవలసిన పని యొకటి కలదని తెలియును. పొరుగుభాషలోని గొప్ప కథను తెచ్చుకొని తన నుడికారములో నిస్సంకోచముగా చెప్పగల ధైర్యము ఆ భాషకు రావలెను. మధ్య ఆసియాలోని ఉజ్బెక్ భాషకు ఆ ధైర్యము వచ్చిన తీరు వినినచో, తెలుగువారికి తమ యింటి కథ విన్నట్లే యుండును.

సమర్కందు, బుఖారా, తాష్కెంటు నగరములు గల దేశము ఉజ్బెకిస్తాను. 15వ శతాబ్దిలో ఆ ప్రాంతమును తైమూరు వంశీయులు ఏలుచుండిరి. వారు ఇంటిలో మాటలాడినది తుర్కీ భాష. అయినను కావ్యము వ్రాయవలెనన్న పారసీకమే శరణ్యము. తుర్కీ మొరటు భాష యనియు, సుకుమారమైన భావములను మోయజాలదనియు నాటి పండితులు పలువురు తలంచిరి. ఆ యభిప్రాయమును తలక్రిందులు చేసినవాడు అలీషేర్ నవాయీ. ఆయన 1441లో హెరాతు నగరమున జన్మించెను. సమర్కందులో కొంతకాలము చదివి, సుల్తాను హుసేను బైఖరా కొలువులో అమాత్యపదవి నలంకరించెను. పారసీకములోను కవిత్వము చెప్పగల దిట్ట. అట్టివాడు 1483 మొదలు 1485 వరకు చగతాయి తుర్కీలో, అనగా నేటి ఉజ్బెక్కుకు పూర్వరూపమైన భాషలో, అయిదు కథాకావ్యములు రచించెను. 1499లో పారసీక, తుర్కీ భాషలను రెంటిని తులదూచి, తుర్కీ ఎందును తీసిపోదని నిరూపించు గ్రంథమును వెలువరించెను.

అదే కాలమున తెలుగునాట జరిగినదేమి? సూర్యాపేటకు కొలది మైళ్ల దూరమున పిల్లలమఱ్ఱి యను గ్రామము కలదు. రేచర్ల రెడ్డి ప్రభువులు 13వ శతాబ్ది తొలినాళ్లలో కట్టించిన శివాలయములు నేటికిని అచ్చట చూడవచ్చును. ఆ యూరి పేరే ఇంటిపేరుగా గల కవి పిల్లలమఱ్ఱి పినవీరభద్రుడు. ఆయన ఈ గ్రామస్థుడేయని ప్రసిద్ధి. ఆయన కాళిదాసుని శాకుంతల నాటకమును తీసికొని తెలుగున ‘శృంగార శాకుంతల’మను కావ్యముగా మలచెను. ఆయన రెండవ కృతియైన ‘జైమిని భారతము’ సాళువ నరసింహరాయలకు అంకితమైనది. ఆ నరసింహరాయలు విజయనగర సింహాసన మెక్కినది 1485లో. అచ్చట నవాయీ తన అయిదు కావ్యములను ముగించినదియు ఆ సంవత్సరముననే. ఒకరి పేరు ఒకరు వినియుండని ఈ సమకాలికులు ఇరువురును చేసిన పని మాత్రమొక్కటే.

ఆ పనిని కేవలము భాషాంతరీకరణ మనరాదు. నవాయీ ఎత్తుకొన్న కథలు అంతకుముందు గంజా నగరవాసియైన నిజామీ 12వ శతాబ్దిలో పారసీకమున చెప్పినవే. నిజామీ కావ్యమున ఖుస్రో చక్రవర్తి నాయకుడు. కొండను తొలిచిన ఫర్హాదు రెండవ స్థానమువాడు. నవాయీ ఆ క్రమమును మార్చి, ఉలి చేతబట్టి శ్రమించు ఫర్హాదునే కథానాయకుని చేసెను. మన పినవీరభద్రుడును అట్లే కాళిదాసుని అనుసరించుచు, అవసరమైనచోట మహాభారతములోని శకుంతలకథను కలుపుకొని, నాటకమును శ్రవ్యకావ్యముగా మార్చినాడు. మూలమునందు భక్తియు, తన భాషయందు నమ్మకమును రెండును కలిగిననే గాని ఇట్టి రచన సాధ్యము కాదు.

ఈ ఇరువురికిని నడుమ వారెరుగని లంకె యొకటి కలదు. నిజామీకిని నవాయీకిని మధ్యకాలమున అవే కథలను పారసీకమున తిరిగి చెప్పినవాడు ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో. ఆయన 1253లో జన్మించి 1325లో మరణించెను. తండ్రి తుర్కీ జాతివాడు; కవి మాత్రము హిందూదేశమును తన దేశమని చాటుకొన్నవాడు. నవాయీ తనకు మార్గదర్శకులని తలచిన కవులలో ఖుస్రో యొకడు. ఆ ఖుస్రోయే 1310లో ముగిసిన ఓరుగల్లు ముట్టడిని తన చరిత్రగ్రంథమున వర్ణించెను. 1318లో రచించిన మరియొక కావ్యమున హిందూదేశ భాషలను పేర్కొనుచు వానిలో ‘తిలంగీ’ని చేర్చెను. అది మన తెలుగే. అనగా తెలుగు పేరు పలికిన కలమే హెరాతులోని తుర్కీ కవికిని ఒరవడి పెట్టినది.

ఆ తరువాతి తరములో ఉజ్బెక్ వచనమునకు మకుటాయమానమైన గ్రంథము ‘బాబరునామా’. మొగలు సామ్రాజ్య స్థాపకుడైన బాబరు పుట్టినది నేటి ఉజ్బెకిస్తానులోని అందిజానులో, 1483లో. హిందూస్థానమును జయించిన పిమ్మటను ఆయన తన ఆత్మకథను రాజభాషయైన పారసీకమున వ్రాయక మాతృభాషలోనే వ్రాసికొనెను. అందు ఈ దేశపు హిందూ రాజులలో రాజ్యవిస్తీర్ణమునను సేనాబలమునను విజయనగర ప్రభువు మిన్నయని చెప్పియున్నాడు. అప్పుడు ఆ సింహాసనముపై నున్నది ‘ఆముక్తమాల్యద’ రచించిన శ్రీకృష్ణదేవరాయలు. ఇరువురు ప్రభువులు ఒకే కాలమున తమ తమ దేశభాషలలో కలము పట్టుట చరిత్రలో అరుదైన ముచ్చట.

‘విశ్వసాహిత్యము’ అను మాటకు 1827లో ప్రాచుర్యము కల్పించినవాడు జర్మను మహాకవి గోథే. ఆయనకు ఆ భావము కలుగుటకు తోడ్పడిన గ్రంథములలో తూర్పుదేశములవి ముఖ్యమైనవి. కాళిదాసుని శాకుంతలమును విలియం జోన్సు 1789లో ఇంగ్లీషున వెలువరింపగా, 1791లో జర్మనుభాషలోనికి వచ్చిన దానిని చదివి గోథే పరవశుడయ్యెను. పారసీక కవి హాఫిజు ప్రేరణచే 1819లో ఒక కావ్యసంపుటమునే ప్రకటించెను. పినవీరభద్రునికి కాళిదాసు ఎట్టివాడో, నవాయీకి హాఫిజు అట్టివాడు. ఐరోపా కనుగొనక మునుపే, మూడు శతాబ్దములకు పైగా, ఈ సంపద ఉజ్బెక్, తెలుగు భాషలలో వ్యయమగుచు వృద్ధి పొందుచుండెనని మరువరాదు.

అయినను ఒకమారు గెలిచిన భాష ఎల్లకాలము గెలిచియుండదు. నిజాము పాలనలో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలోని పిల్లలకు పాఠశాలలో బోధన ఉర్దూలో జరిగెడిది. 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ మాధ్యమమునే చేపట్టెను. తెలంగాణమున తెలుగు కవులు లేరన్న నిందకు సమాధానముగా సురవరము ప్రతాపరెడ్డి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను ప్రకటించి 354 మంది కవులను లోకమునకు చూపవలసి వచ్చినది. నవాయీ ఎదుర్కొన్న నింద వంటిదే ఇదియు.

కాని ఉర్దూపై పగబట్టక, దానినే కిటికీగా చేసికొన్నవారును తెలంగాణమున వెలసిరి. నిజాము నిరంకుశత్వము నెదిరించి చెరసాల ననుభవించిన దాశరథి కృష్ణమాచార్యులు 1961లో ‘గాలిబు గీతాలు’ వెలువరించిరి. ఇంగ్లీషు మధ్యవర్తిత్వము లేకయే, మూలభాష తెలిసిన కవి చేసిన అనువాదమది. గాలిబు పితామహుడు సమర్కందు నుండి ఈ దేశమునకు వలసవచ్చినవాడు. ఆ విధముగా సమర్కందు సంతతివాని హృదయము తెలుగుపలుకులలో మన యిండ్లకు చేరినది.

ఉజ్బెక్ సాహిత్యమునకు 20వ శతాబ్దిలో వచ్చిన కష్టము మరింత కఠినమైనది. తొలి ఉజ్బెక్ నవలను రచించిన అబ్దుల్లా ఖాదిరీ, షేక్స్పియరు ‘హామ్లెట్’ను ఉజ్బెక్కులోనికి తెచ్చి, రవీంద్రుని గూర్చి వ్యాసము వ్రాసిన చోల్పాను, పండితుడైన ఫిత్రతు, ఈ మువ్వురును స్టాలిను కాలమున 1938 అక్టోబరు 4న తాష్కెంటులో మరణదండనకు గురియైరి. లిపియు నిలకడగా నుండలేదు. 1929లో అరబ్బీ లిపిని తొలగించి లాటిను లిపిని, 1940లో దానిని తొలగించి రష్యను లిపిని ప్రవేశపెట్టిరి. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1993లో మరల లాటిను లిపికై శాసనము చేసిరి. తాత చేతివ్రాతను మనుమడు చదువజాలని స్థితి అట్లు ఏర్పడినది. నవాయీ గ్రంథములు ఇంటనే యున్నను, వానిని విప్పు తాళపుచెవి తరతరమునకు మారినది.

1958 అక్టోబరులో తాష్కెంటున ఆఫ్రికా, ఆసియా రచయితల మహాసభ జరిగెను. ఆ నగరము అనేక దేశముల రచయితలకు కూడలి యైనది. ఆ కాలముననే మాస్కోలో ఉప్పల లక్ష్మణరావు మున్నగువారు రష్యను నుండి తెలుగులోనికి పుస్తకములు అనువదించుచుండిరి. పొరుగున నున్న కిర్గిజు రచయిత ఐత్మాతోవు కథలు మన పాఠకులకు ప్రీతిపాత్రములైనది ఈ మార్గముననే. ఆ సేవ గొప్పది. అయినను రష్యను అను ఒక్క వంతెనపై నడచు సాహిత్యమునకు, ఆ వంతెన పట్టు సడలినప్పుడు రాకపోకలు తగ్గుట సహజము. 1991లో సోవియట్ యూనియను విచ్ఛిన్నమైనప్పుడు, తక్కువ వెలకు మన పల్లెలకు సయితము చేరుచుండిన ఆ పుస్తకముల రాకయు ఆగిపోయినది.

కావున ఉజ్బెక్ సాహిత్య చరిత్ర మనకు రెండు సంగతులు బోధించుచున్నది. భాషకు గౌరవము పెద్దభాషలకు తలుపులు మూయుటచే రాదు. వాని సంపదను తెచ్చి తన యింట వండి వడ్డించుటచే వచ్చును. అట్లు వడ్డించిన విందును ఆరగించు పాఠకుడు తన లిపిని, తన పాత గ్రంథములను చదువగలిగి యుండవలెను. ఉజ్బెక్కుల లిపిని ప్రభుత్వములు మార్చినవి. మన లిపి నెవరును మార్చలేదు. కాని ఇంగ్లీషు బడికి పోవు మన పిల్లవాడు తెలుగు పుస్తకము విప్పనిచో ఫలితమొక్కటే కదా! సూర్యాపేట మీదుగా కోదాడకు పోవు రహదారిపై ప్రతిదినము వేలకొలది వాహనములు సాగుచున్నవి. ఆ దారి ప్రక్కనే పిల్లలమఱ్ఱి కలదు. కాళిదాసును తెలుగువాని చేసిన కవి పేరు ఆ యూరి పిల్లలకు, ఆ చుట్టుపట్ల పిల్లలకు తెలియవలెను. ఆ యెరుక ఉన్ననాడే నవాయీ పేరును వారికి పరాయిదిగా తోపదు.