వేషానికి రంగుల పెట్టె: సంఘాలు కొనేముందు చూసుకోవలసినవి

ఉగాది, శ్రీరామనవమి, కృష్ణాష్టమి, దసరా. తెలుగు కుటుంబాలు నాలుగు కలిసి ఉన్న ఊళ్లో ఈ పండుగలకు పిల్లల చేత వేషాలు వేయించడం ఉంటూనే ఉంటుంది. కిరీటాలు, గదలు, విల్లంబులు అద్దెకు దొరుకుతాయి. పద్యం నేర్పడానికి ఇంట్లో అమ్మమ్మో తాతయ్యో ఉంటారు. ముఖానికి పూసే రంగు మాత్రం చాలాచోట్ల ఆఖరి గంటలో గుర్తుకొస్తుంది. అప్పుడు ఎవరో ఒకరు స్కూటర్ తీసి స్టేషనరీ దుకాణానికి పరుగెత్తి, ఏది దొరికితే అది తెస్తారు.

ఇది చిన్న విషయం కాదని మా సంఘం కమిటీ ఉద్దేశం. ముఖం మీద దద్దుర్లు వచ్చిన పిల్లను మరుసటి ఏడు తల్లి వేషానికి పంపదు. మన పిల్లలు బడిలో చదివేది కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో. పదిమంది ఎదుట నిలబడి తెలుగులో నాలుగు మాటలు చెప్పే అవకాశం వాళ్లకు ఏడాదిలో ఒకటో రెండో వస్తుంది. రంగు కారణంగా అది పోవడం అన్యాయం. అందుకని కొనేవారికి పనికొచ్చేలా మాకు తెలిసినంత ఇక్కడ రాస్తున్నాం.

చర్మానికి చేసిన రంగేనా

అన్నిటికన్నా ముందు చూడవలసింది ఇదే. పోస్టర్ కలర్, ఫ్యాబ్రిక్ పెయింట్, అక్రిలిక్, గోడలకు వేసే ఎనామిల్, ఇవేవీ ముఖానికి చేసినవి కావు. పిల్లల డ్రాయింగ్ రంగుల మీద ‘నాన్ టాక్సిక్’ అని ఉంటుంది. దాన్ని చూసి కొందరు ధైర్యం తెచ్చుకుంటారు. చిన్నపిల్ల పొరపాటున కాస్త నోట్లో పెట్టుకున్నా విషం కాదని మాత్రమే ఆ మాటకు అర్థం. బుగ్గ మీద మూడు గంటలు ఉంచుకోవచ్చని ఆ కంపెనీ ఎక్కడా చెప్పలేదు. అక్రిలిక్ ఎండితే ప్లాస్టిక్ పొరలా అంటుకుంటుంది. ఊడదీస్తే కనుబొమల వెంట్రుకలు కూడా ఊడి వస్తాయి.

పులివేషం సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మంగళూరు, ఉడుపి వైపు దసరాకు, అష్టమికి ఆడే పిలివేషంలో ఒళ్లంతా ఎనామిల్ రంగు పూయడం చాలాకాలం నడిచింది. రంగు ఆరేదాకా చేతులు కర్ర మీద ఆన్చి నిలబడతారు. ఆట అయ్యాక కిరోసిన్‌తో తుడుచుకుంటారు. బరంపురంలో రెండేళ్లకోసారి జరిగే బుఢీ ఠాకురాణి యాత్రలోనూ పులివేషాలు ఉంటాయి, అక్కడి తెలుగు ఇళ్లకు ఆ యాత్ర పరాయిది కాదు. మొక్కు ఉన్నవాళ్ల నిష్ఠను మేము తక్కువ చెయ్యం. కానీ ఎనామిల్, దాన్ని వదిలించే కిరోసిన్ రెండూ చర్మానికి హాని చేసేవే. ఇంటి పెయింట్లలో సీసం 90 పి.పి.ఎం. దాటకూడదని 2016 నాటి కేంద్ర నిబంధనలు చెబుతాయి. అది గోడకు పెట్టిన హద్దు, ఒంటికి పెట్టింది కాదు. పదేళ్ల పిల్లవాడికి పులివేషం వేయించాలనుకుంటే ముఖానికీ చేతులకూ మేకప్ రంగు వేసి, ఒంటికి చారల బట్ట తొడిగితే సరిపోతుంది.

పాతకాలపు రంగులన్నీ మంచివేనా

‘ఈ కంపెనీ రంగులెందుకండీ, మన పెద్దలు ప్రకృతి రంగులు వాడలేదా’ అని సమావేశాల్లో ఎవరో ఒకరు లేచి అడుగుతారు. వాడారు. వీధి భాగవతాల్లో, కూచిపూడి వాళ్ల వేషాల్లో ముఖానికి అర్దళం పూసేవారు. పసుపుపచ్చగా మెరిసే ఆ ఖనిజం ఆర్సెనిక్, గంధకం కలిసినది. తమిళంలో వేషం వేసుకోవడాన్ని ‘అరిదారం పూసుకోవడం’ అంటారు, ఆ మాట మన అర్దళానికి చుట్టమే. ఎర్రరంగుకు వాడే సిందూరం సీసం నుంచి వచ్చేది. ఇంగిలీకం పాదరసం నుంచి వచ్చేది. మట్టిలో దొరికినంత మాత్రాన ఒంటికి మంచిదని లేదు. అర్దళం, ఇంగిలీకం ఏ పాత పెట్టెలో దొరికినా పిల్లలకు పూయకండి.

అలాగని పాతవన్నీ పారెయ్యనక్కర్లేదు. తిరుపతి గంగమ్మ జాతరలో రోజుకో వేషం వేస్తారు. బైరాగి వేషానికి నామంకొమ్ము, బండవేషానికి కుంకుమ, తోటివేషానికి బొగ్గుపొడి, దొరవేషానికి చందనం. ఇందులో చందనం, నామంకొమ్ము ఈనాటికీ చక్కగా పనికొస్తాయి. కుంకుమ దగ్గర జాగ్రత్త. పసుపుతో ఇంట్లో చేసినది వేరు, బజారులో మెరిసే ఎరుపుతో అమ్మేది వేరు. రెండోదాంట్లో కలిపేది ఏ రంగో అమ్మేవాడికీ తెలియదు. బట్టలకు వేసే నీలం కలిపి కృష్ణుణ్ణి చేసే అలవాటు కొన్ని ఊళ్లలో ఉంది, అదీ మానాలి.

నీళ్ల బిళ్లా, నూనె రంగా

మేకప్ రంగులు ముఖ్యంగా రెండు రకాలు. తడి స్పాంజితో అద్ది పూసే బిళ్లలు ఒకటి. నూనె, మైనం ఆధారంగా చేసిన గట్టి రంగులు రెండోది. క్రయొలాన్ కంపెనీ వాళ్ల ఆక్వాకలర్ మొదటి రకం, సుప్రాకలర్ రెండో రకం. స్నాజరూ, మేరన్ వంటి కంపెనీల బిళ్లలు కూడా మన దేశంలో దొరుకుతున్నాయి. నాటకాల వాళ్లు ఏళ్ల తరబడి వాడుతున్న పాన్‌కేక్ కూడా తడి స్పాంజితో పూసేదే. కాకపోతే అది ఒంటిరంగును సరిచేయడానికి పనికొస్తుంది, పులి చారలకు కాదు.

నీళ్ల బిళ్ల పూయడం తేలిక. రెండు నిమిషాల్లో ఆరుతుంది, సబ్బు, నీళ్లతో పోతుంది. పిల్లలకు అదే మంచిదని మా అభిప్రాయం. దాని లోపం చెమట. నూనె రంగు చెమటకు తొందరగా కారదు, దీపాల వేడికి నిలుస్తుంది. కానీ పూసిన వెంటనే పౌడరు అద్దకపోతే పట్టుపంచె మీద, పక్కనున్న సీతమ్మ చీర మీద అంటుకుంటుంది. తీయడానికి కొబ్బరినూనెతో పావుగంట కూర్చోవాలి. మూడు గంటల పద్యనాటకం ఆడే పెద్దలకు అది తగును, పది నిమిషాల ఏకపాత్రకు అక్కర్లేదు.

నీళ్ల బిళ్లల్లోనూ తేడాలున్నాయి. గ్లిసరిన్ పాలు ఎక్కువున్నవి ముఖమంతా నున్నగా పరుచుకుంటాయి, కానీ గాలిలో తేమ ఉంటే జిగటగానే ఉండిపోతాయి. మైనం పాలు ఎక్కువున్నవి గీతలకు బాగుంటాయి. మీసం, చార, నామం గీసినప్పుడు అంచు చెదరదు. గోదావరి పాయల మధ్య ఉన్న యానాంలోనూ, చెన్నై, బరంపురంలోనూ గ్లిసరిన్ రంగు ముఖమంతా మందంగా పూస్తే మొదటి పద్యం పూర్తికాకముందే గడ్డం మీదికి జారుతుంది. అక్కడ పలచగా ఒక పొర పూసి, ఆరాక పౌడరు అద్ది, గీతలకు మైనం రకం వాడాలి. షోలాపూర్, బళ్లారి పొడి ఎండల్లో తిప్పలు వేరే. రంగు ఎండి, నవ్వితే పగుళ్లు వస్తాయి. ముందుగా ముఖానికి మాయిశ్చరైజర్ పలచగా రాసి, అది ఇంకాక రంగు వేస్తే పగలదు. బెంగళూరు, హోసూరుల్లో సాయంత్రం కార్యక్రమమైతే ఏ రకమైనా నడుస్తుంది.

ఎన్ని రంగులు కొనాలి

ఇరవై నాలుగు రంగుల పెద్ద పెట్టె చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. అందులో సంఘానికి పనికొచ్చేవి ఎనిమిది. తెలుపు, నలుపు, ఎరుపు, పసుపుపచ్చ, నీలం, ఆకుపచ్చ, నారింజ, గోధుమ. తెలుపు, నలుపు అందరికన్నా ముందు అయిపోతాయి. ఆ రెండూ పెద్ద బిళ్లలుగా, మిగతావి చిన్నవిగా కొనండి. అయిపోయిన రంగు ఒక్కటీ విడిగా దొరుకుతుందా లేదా అని కొనేముందే అడగాలి. దొరకని పెట్టె రెండో ఏటికి సగం ఖాళీగా, సగం ముట్టనిదిగా అల్మారాలో పడి ఉంటుంది. ఒకే బిళ్లలో ఐదారు రంగులు చారలుగా ఉండేవి సీతాకోకచిలుక బొమ్మలకు బాగుంటాయి, మన పౌరాణిక వేషాలకు వాటితో పని లేదు.

లేత గులాబీ, లేత ఊదా వంటివి మన చాయ మీద కనిపించవు, డబ్బు దండగ. కృష్ణుడికి, రాముడికి కావలసిన లేత నీలం విడిగా కొనక్కర్లేదు. మూడు పాళ్లు తెలుపుకు ఒక పాలు నీలం చొప్పున ఒక పళ్లెంలో కలుపుకుని ముందు ముంజేతి మీద చూసుకోవాలి. తెలుపు తక్కువైతే దూరానికి ముఖం నల్లబడి కనిపిస్తుంది. ఆంజనేయుడికి నారింజలో ఎరుపు. యముడికి ముఖమంతా నలుపు పూయకండి, కళ్లు కనిపించవు. ముదురు గోధుమ పూసి, కనుబొమలు, మీసాలకు మాత్రమే నలుపు వాడండి. పులికి ముందు పసుపుపచ్చ, అంచుల్లో నారింజ, నోటి చుట్టూ కళ్ల పైన తెలుపు, అన్నీ ఆరిపోయాకే నల్ల చారలు. వరుస తప్పితే చారలు బురదవుతాయి.

నరసింహుడి గురించి ఒక మాట. తంజావూరు దగ్గర మెలట్టూరు భాగవతమేళాలో ప్రహ్లాదచరిత్రం ఇప్పటికీ తెలుగులోనే ఆడతారు. అక్కడ నరసింహుడి పాత్రధారి ముఖానికి రంగు కాకుండా పూజలందుకునే మాస్కు ధరిస్తాడు. చర్మం సున్నితమైన పిల్లవాడికి నరసింహ వేషం వస్తే అట్టతో చేసిన మాస్కు ఇవ్వడం మన సంప్రదాయానికి కొత్తేమీ కాదని తల్లిదండ్రులకు చెప్పవచ్చు.

దుకాణంలో చూసుకునే పద్ధతి చెబుతాం. తడి కుంచెతో ముంజేతి మీద ఒక గీత గీయండి. ఒక్క గీతలోనే కింది చర్మం కనిపించకుండా పోతే రంగులో సరుకు ఉన్నట్టు. ఆరాక వేలితో రుద్దండి, పొడిలా రాలకూడదు. మణికట్టు వంచి చూడండి, పగలకూడదు. సబ్బుతో కడిగితే పోవాలి. ఎరుపు, ముదురు నీలం, ఆకుపచ్చ కొన్ని కంపెనీల్లో మరక వదులుతాయి. ఆ మరకతో మర్నాడు బడికెళ్లిన పిల్లను తోటివాళ్లు ఆటపట్టిస్తారు. పరీక్షించి చూడనివ్వని దుకాణంలో కొనకపోవడమే మేలు.

చీటీ మీద ఏమి ఉండాలి

గుమాస్తా ఉద్యోగం చేసిన చేతికి ముందు కాగితమే కనిపిస్తుంది, పాఠకులు మన్నించాలి. డబ్బా మీద తయారీదారు పేరు, చిరునామా, బ్యాచ్ నంబరు, ఎప్పటిలోగా వాడాలో, అందులో ఏమేమి కలిపారో ఉండాలి. ఇక్కడ తయారైనదైతే తయారీ లైసెన్సు నంబరు ఉంటుంది. విదేశీ సరుకైతే దిగుమతిదారు పేరు, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ నంబరు ఉంటాయి. మన దేశంలో సౌందర్య సాధనాలకు ఇప్పుడు వర్తించేవి 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్. రంగు కోసం సీసం, ఆర్సెనిక్ సమ్మేళనాలు కలపడాన్ని అవి నిషేధిస్తాయి. మూత తెరిచిన డబ్బా బొమ్మ, అందులో ‘12ఎం’ అని ఉంటే తెరిచిన తర్వాత పన్నెండు నెలలు వాడవచ్చని అర్థం.

పేరున్న కంపెనీల నకిలీలు కూడా వస్తున్నాయి. సగం ధరకు ఇస్తానని, బిల్లు అడిగితే ‘జీఎస్టీ లేకుండా వేసుకోండి సార్’ అన్న ఒక వ్యాపారి దగ్గర మేము లేచి వచ్చేశాం. బిల్లు లేనిదే వోచరు పాసు కాదు, అది సంఘం రూలు. దానితోపాటు, ఏదైనా తేడా వస్తే అడగడానికి చేతిలో ఉండేది ఆ బిల్లే.

చమ్కీ సంగతి. గ్రీటింగు కార్డులకు అతికించే చమ్కీ ముఖానికి వద్దు. దాని అంచులు కంటిపాపను గీస్తాయి. మేకప్‌కు వేరే సన్నటి చమ్కీ దొరుకుతుంది, దాన్ని కూడా కంటి దగ్గరికి పోనివ్వకూడదు. చీకట్లో మెరిసే నియాన్ రంగులు పెట్టెలో ఉన్నా, ముఖానికి కాదని చాలా కంపెనీలే చిన్న అక్షరాల్లో రాస్తాయి. ఆ చిన్న అక్షరాలు చదవడానికి కళ్లజోడు పెట్టుకోండి.

వేసేనాడు

ముందు రోజే పిల్ల మోచేతి లోపలివైపు ఒక చుక్క పెట్టి పంపండి. ఇరవై నాలుగు గంటల్లో దురద, ఎరుపు రాకపోతే వేయవచ్చు. మూడేళ్లలోపు పిల్లలకు ముఖం జోలికి పోకుండా చేతి మీద చిన్న బొమ్మ వేస్తే చాలు. కళ్లకలక, పుండు, గజ్జి, ఎగ్జిమా ఉన్న పిల్లకు ఆ రోజుకు వద్దని నచ్చజెప్పాలి. మొహమాటపడితే ఆ కళ్లకలక మిగతా పన్నెండు మందికి అంటుతుంది. మనిషికో స్పాంజి. ఇందులో పొదుపు చూడకండి. పెద్ద స్పాంజిని కత్తెరతో నాలుగు ముక్కలు చేస్తే నలుగురికి వస్తుంది. కుంచె కడిగే నీళ్లు నాలుగైదు ముఖాలకోసారి పారబోయండి.

కార్యక్రమం అయ్యాక అందరూ భోజనాల దగ్గరికి వెళ్తారు, పెట్టె ఎవరికీ పట్టదు. తడి బిళ్లలకు మూత పెట్టేస్తే నెల తిరక్కుండా బూజు పడుతుంది. ఫ్యాను కింద రాత్రంతా తెరిచి ఉంచి, మర్నాడు శుభ్రమైన గుడ్డతో అంచులు తుడిచి, అప్పుడు మూత పెట్టాలి. స్పాంజులు సబ్బుతో ఉతికి ఎండలో ఆరబెట్టాలి. తెరిచిన తేదీని డబ్బా అడుగున చిన్న కాగితం మీద రాసి అతికించి, స్టాకు పుస్తకంలో కూడా ఎక్కించండి. పెట్టె తాళంచెవి ఎవరి దగ్గరుందో పక్కనే రాసి పెట్టండి.