ప్లేనింగ్ యంత్రం

పెద్ద ఇనుప భాగాల ముఖాలను చదును చేసే యంత్రం ప్లేనింగ్ యంత్రం. కార్మికులు దీన్ని ప్లేనర్ అంటారు. చదును చేయాల్సిన దిమ్మను పొడవాటి బల్లపై బిగిస్తారు. బల్ల ముందుకూ వెనక్కూ కదులుతుంటే, పైనున్న అడ్డదూలానికి బిగించిన ఉలి ఇనుమును పొరగా కోస్తుంది. ప్రతి విడతకూ ఉలి కొద్దిగా పక్కకు జరుగుతూ ముఖమంతటినీ చదును చేస్తుంది. వడ్రంగి చిత్రిక పట్టేటప్పుడు పనిముట్టు కదులుతుంది. ఇక్కడ కదిలేది దిమ్మ.

ఈ యంత్రం రాకముందు పోత ఇనుమును ఉలితో చెక్కి, ఆకురాయితో రాకి చదును చేసేవారు. ఆవిరి యంత్రాల వాల్వు ముఖాలకు, లేత్ పీఠాలకు కచ్చితమైన చదును కావాలి. అంత పని చేతితో చేయడానికి ఎంతో నేర్పు కావాల్సి వచ్చేది, ఎన్నో రోజులు పట్టేవి.

ప్లేనర్‌ను మొదట ఎవరు తయారుచేశారన్న విషయంలో ఏకాభిప్రాయం లేదు. ఇంగ్లండులో లీడ్స్‌కు చెందిన మాథ్యూ ముర్రే, డెర్బీకి చెందిన జేమ్స్ ఫాక్స్, మాంచెస్టర్‌కు చెందిన రిచర్డ్ రాబర్ట్స్, లండన్‌లో పనిచేసిన జోసెఫ్ క్లెమెంట్ దాదాపు ఒకే కాలంలో విడివిడిగా ఈ పనికి పూనుకున్నారు. రాబర్ట్స్ 1817లో చేసిన యంత్రం లండన్ సైన్స్ మ్యూజియంలో ఉంది. చేతితో తిప్పి నడిపే ఆ యంత్రపు భాగాలపై ఉలి, ఆకురాయి గుర్తులు నేటికీ కనిపిస్తాయి. చదును చేసే తొలి యంత్రాన్ని చేతితోనే చదును చేయక తప్పలేదు.

చార్లెస్ బాబేజ్ గణన యంత్రానికి భాగాలు తయారుచేసిన క్లెమెంట్ 1825లో భారీ ప్లేనర్‌ను నిర్మించాడు. దాదాపు పదేళ్లపాటు అంత పెద్ద పని చేయగల యంత్రం అదొక్కటే. చదరపు అడుగుకు 18 షిల్లింగుల చొప్పున వసూలు చేస్తూ, దాన్ని తరచు రాత్రింబగళ్లు నడిపేవాడు.

క్లెమెంట్ దగ్గర పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్ 1833లో మాంచెస్టర్‌లో సొంత కర్మాగారం పెట్టాడు. మామూలు ప్లేనర్‌లో బల్ల వెనక్కి వచ్చే కదలిక వృథా అయ్యేది. విట్‌వర్త్ యంత్రంలో ప్రతి విడత చివర ఉలి సగం చుట్టు తిరిగి, రెండు వైపులా కోసేది. అయితే యంత్రం కోసిన ముఖం నిజంగా చదునుగా ఉందో లేదో తేల్చడానికి ఒక ప్రమాణం అవసరం. దానికోసం మూడు పలకలను రంగు పూసి జంటలుగా ఒకదానితో ఒకటి తాకించి, రంగు అంటిన మిట్టలను గీకే పద్ధతిని ఆయన 1840లో గ్లాస్గోలో జరిగిన బ్రిటిష్ అసోసియేషన్ అనే శాస్త్ర సంఘ సమావేశంలో వివరించాడు. రెండు పలకలైతే ఒకదాని ఉబ్బు మరొకదాని గుంటలో ఇమిడిపోయి లోపం దాగవచ్చు. మూడో పలక దాన్ని బయటపెడుతుంది.

పోత ఇనుమును చేతితో చదును చేయడానికి ఒకప్పుడు చదరపు అడుగుకు 12 షిల్లింగుల కూలి అయ్యేదనీ, ప్లేనర్‌తో ఒక పెన్నీ కూడా కావడం లేదనీ విట్‌వర్త్ 1856లో చెప్పాడు. ఈ చౌకతనం వల్ల లేత్‌లు, డ్రిల్లింగ్ యంత్రాలు, ప్లేనర్లు కూడా మరింత కచ్చితంగా తయారయ్యాయి. ఒక ప్లేనర్ చదును చేసిన పీఠం మరో ప్లేనర్‌కు ఆధారమైంది.

19వ శతాబ్దం చివర హైస్పీడ్ స్టీల్ ఉలులు రావడంతో వేగంగా, లోతుగా కోయడం సాధ్యమైంది. ఆ ఒత్తిడికి తట్టుకునేలా ప్లేనర్లను మరింత దృఢంగా నిర్మించారు. 20వ శతాబ్దంలో ఈ పనిలో చాలా భాగాన్ని మిల్లింగ్, గ్రైండింగ్ యంత్రాలు చేపట్టాయి.